మెదక్ చర్చి: బిషప్ లేని రోజుల్లో కట్టిన కెథడ్రల్

మెదక్ ఇంకా దూరంగా ఉండగానే చెట్ల మీదుగా ఒక రాతి గోపురం కనిపిస్తుంది. ఎత్తు 175 అడుగులు. లోపలి హాలు 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. ఒకేసారి 5,000 మంది పడతారని చెబుతారు. హైదరాబాద్ నుంచి సుమారు వంద కిలోమీటర్లే కావడంతో ఆదివారం వస్తే చాలు, కార్లు, ఆటోలు, బస్సులు బారులు తీరతాయి. వచ్చినవాళ్లు రంగుటద్దాలు చూస్తారు, ఫొటోలు దిగుతారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఇంటికెళ్లి మెదక్ కెథడ్రల్ చూసొచ్చామని చెబుతారు.

కెథడ్రల్ అన్న మాట దగ్గరే ఈ గుడి చరిత్ర మలుపు తిరుగుతుంది. చాలామంది అనుకున్నట్టు కెథడ్రల్ అంటే పెద్ద చర్చి అని అర్థం కాదు. గ్రీకులో కతెద్ర అంటే కుర్చీ. బిషప్ కుర్చీ ఏ గుడిలో ఉంటే అది కెథడ్రల్. చిన్న పెంకుటిల్లయినా సరే, అందులో ఆ పీఠం ఉంటే కెథడ్రలే. ఎంత ఆకాశాన్నంటే కట్టడమైనా, ఆ పీఠం లేకపోతే మామూలు చర్చే. 1924 డిసెంబర్ 25న, క్రిస్మస్ రోజున, మెదక్‌లో ఈ తలుపులు తెరిచినప్పుడు లోపల ఆ కుర్చీ లేదు. కట్టించినవాళ్లు బ్రిటన్ నుంచి వచ్చిన వెస్లియన్ మెథడిస్టులు. వాళ్ల సంఘంలో బిషప్ పదవే లేదు. ఇంకో 23 ఏళ్ల తర్వాత, 1947లో, వాళ్లు మరో పెద్ద సంఘంలో కలిసిపోయాకే మెదక్‌కు బిషప్ వచ్చాడు, చర్చి కెథడ్రల్ అయింది. అదే రోజుల్లో దాని మీద మెథడిస్టు అన్న పేరు చెరిగిపోయింది.

అందుకే ఈ గుడిని అర్థం చేసుకోవాలంటే గోపురం దగ్గర మొదలుపెడితే సరిపోదు. ముందు మెథడిస్టులంటే ఎవరో చూడాలి.

వారానికి ఒక పెన్నీ

18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో జాన్ వెస్లీ, ఆయన తమ్ముడు చార్లెస్ ఆక్స్‌ఫర్డ్‌లో ఉండగా కొందరు స్నేహితులతో కలిసి ఒక నియమం ప్రకారం ప్రార్థన, చదువు, జైళ్లలో ఖైదీలను పలకరించడం చేసేవారు. అన్నిటికీ ఒక టైము, ఒక పద్ధతి. తోటి విద్యార్థులు ఎగతాళిగా మెథడిస్టులు అన్నారు, అంటే పద్ధతిగాళ్లు అని. ఆ పేరే నిలిచిపోయింది. 1739లో వెస్లీ చర్చి గోడలు దాటి బ్రిస్టల్ పక్కన కింగ్స్‌వుడ్‌లో బొగ్గు గని కూలీలకు ఆరుబయట బోధించడం మొదలుపెట్టాడు. గుడిలో అడుగు పెట్టడానికి సరైన బట్ట కూడా లేని మనుషులు వాళ్లు. మెథడిజం పుట్టింది అక్కడేనని చెప్పాలి.

అయితే వెస్లీ గొప్పతనం బోధనలో కంటే నిర్మాణంలో ఎక్కువగా కనిపిస్తుంది. 1742లో బ్రిస్టల్‌లో ప్రార్థన మందిరం కట్టిన అప్పు తీర్చాల్సి వచ్చింది. మనిషికి వారానికి ఒక పెన్నీ ఇవ్వాలని అనుకున్నారు. పన్నెండేసి మందికి ఒక నాయకుడు ఇంటింటికీ తిరిగి పెన్నీలు వసూలు చేయాలి, ఎవరైనా ఇవ్వలేకపోతే ఆ పెన్నీ తన జేబులోంచి వేయాలి. అలా తిరుగుతున్న నాయకులకు ఎవరింట్లో ఏ కష్టం ఉందో, ఎవరు తాగుడుకు అలవాటు పడ్డారో తెలిసిపోయేది. అప్పు వసూలు కోసం పుట్టిన ఏర్పాటు కాస్తా మనుషులు ఒకరి బాగోగులు ఒకరు చూసుకునే వారపు కూటమిగా మారింది. దాన్నే క్లాస్ మీటింగ్ అన్నారు.

దీనికి తోడు ఇంకో రెండు ఏర్పాట్లు. ఒకటి, పాస్టర్ కానివాళ్లు కూడా బోధించవచ్చు. చెప్పులు కుట్టేవాడు, దుకాణం నడిపేవాడు పగలంతా తన పని చేసుకుని ఆదివారం వాక్యం చెప్పేవాడు. రెండోది సర్క్యూట్. ఒక పాస్టర్ గుర్రమెక్కి ఎన్నో ఊళ్లు తిరుగుతాడు, ఆయన లేని రోజుల్లో ఆ ఊరి మనుషులే గుడి నడుపుకుంటారు. పాస్టర్లు తక్కువ, పేదలు ఎక్కువ ఉన్న చోట పనిచేయడానికే పుట్టిన పద్ధతి ఇది. అది మెతుకుసీమలో, అంటే మెదక్ ప్రాంతంలో, అంత తేలిగ్గా ఇమిడిపోవడానికి కారణం కూడా ఇదే.

కంటోన్మెంట్ నుంచి మెతుకుదుర్గానికి

మెథడిస్టులు భారతదేశం వైపు రావడమే ఒక మరణంతో మొదలైంది. వెస్లీ అనుచరుడు థామస్ కోక్ కొందరు యువ బోధకులను వెంటబెట్టుకుని ఓడలో బయలుదేరి 1814 మేలో హిందూ మహాసముద్రంలోనే కన్నుమూశాడు. ఆయనను సముద్రంలోనే ఖననం చేశారు. మిగిలినవాళ్లు శ్రీలంక చేరారు. వాళ్లలో జేమ్స్ లించ్ 1817లో మద్రాసు వచ్చాడు. అక్కడి నుంచి నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెల దాకా రావడానికి వెస్లియన్లకు ఇంకో ఆరు దశాబ్దాలు పట్టింది.

దారి చూపింది సికింద్రాబాద్ కంటోన్మెంట్. అక్కడున్న బ్రిటిష్ సైనికుల్లో మెథడిస్టులు ఉండేవారు. 1879-80 ప్రాంతంలో విలియం బర్జెస్ మద్రాసు వైపు నుంచి వచ్చి హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో పని మొదలుపెట్టాడు. అక్కడి నుంచి వెస్లియన్ మిషన్ కరీంనగర్, మెదక్, నిజామాబాద్ వైపు పాకింది.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చుకోవాలి. తెలంగాణకు మెథడిస్టులు రెండు దారుల్లో వచ్చారు. బ్రిటిష్ వెస్లియన్లది ఒక దారి. 1870ల్లో విలియం టేలర్ బోధనలతో మొదలైన అమెరికన్ మెథడిస్టులది ఇంకో దారి. హైదరాబాద్, వికారాబాద్, జహీరాబాద్, బీదర్ వైపు కనిపించే మెథడిస్టు చర్చీలు ఆ రెండో దారివి. అమెరికన్ మెథడిస్టులకు 1784 నుంచే బిషప్‌లు ఉన్నారు. ఇద్దరూ వెస్లీ బిడ్డలే అయినా సంఘ నిర్మాణం వేరు, మిషన్ వేరు, తర్వాతి చరిత్ర కూడా వేరు. జహీరాబాద్‌లో ఇప్పటికీ మెథడిస్టు అనే బోర్డు ఉండి మెదక్‌లో లేకపోవడానికి కారణం ఇదే.

ఈ గుడి కట్టించిన వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1895లో సికింద్రాబాద్ వచ్చాడు. మొదట తిరుమలగిరిలో సైనికుల మధ్య పనిచేశాడు. 1897లో మెదక్ చేరాడు. అప్పటికి అక్కడి క్రైస్తవులు రెండు వందల మందికి మించరని, వాళ్లు ఒక చిన్న పెంకుటింట్లో ఆరాధన చేసుకునేవారని మెదక్ చర్చి చరిత్ర రాసినవాళ్లంతా చెప్పే మాట. అంటే పాస్నెట్ రాకముందే అక్కడ ఒక సంఘం ఉంది. ఈ విషయాన్ని నొక్కి చెప్పాలి, ఎందుకంటే మెదక్ చర్చి కథ ఎప్పుడూ ఒక్క దొర పేరుతోనే మొదలై ఆయనతోనే ముగుస్తుంది. మార్గదర్శకులు అనే మాటకు ముందు హక్కుదారులు ఆ పెంకుటింట్లో కూర్చున్న రెండు వందల మంది.

వాళ్లలో అత్యధికులు మాల, మాదిగ వాడల మనుషులు. ఆ రోజుల్లో వాళ్ల బతుకంతా వెట్టి. భూస్వామి గడీలో పని, ఊరి బావి దగ్గర అడ్డు, బడి గడప దగ్గర అడ్డు. అలాంటి వాడలోకి ఒక బయటి మనిషి నడిచి వచ్చి గుడిసెలో కూర్చోవడం, జబ్బుచేసినవాడి చెయ్యి పట్టుకుని చూడడం మామూలు విషయం కాదు. వాళ్లు ఒక్కొక్కరుగా మతం మారలేదు. కుల పెద్దలు కూర్చుని మాట్లాడుకుని కుటుంబాలుగా, కొన్ని చోట్ల మొత్తం వాడగా బాప్తిస్మం తీసుకున్నారు. వ్యక్తి తన మనసుతో ఒంటరిగా తీసుకునే నిర్ణయం అనే పాశ్చాత్య లెక్క ఇక్కడ పనిచేయలేదు. వాడలో పెళ్లి, చావు, పండగ అన్నీ కలిసే జరుగుతాయి, నమ్మకం కూడా కలిసే కదిలింది.

వాడలో సంఘం ఏర్పడ్డాక దాన్ని నిలబెట్టింది మాత్రం పాస్నెట్ లాంటి దొరలు కాదు. నెలల తరబడి దొర మొహం కనిపించని ఊళ్లు ఎన్నో. ఆ భారమంతా ఉపదేశి మోశాడు. ఊళ్లో ఆయన్ని పంతులు అని కూడా పిలిచేవారు. పగలు పశువులు కాసే పిల్లలకు రాత్రి లాంతరు కింద అక్షరాలు దిద్దించేవాడు. ఆదివారం ప్రార్థన నడిపేవాడు, పెళ్లి కుదిర్చేవాడు, చావు ఇంట్లో కూర్చునేవాడు, దొరసాని పంపిన మందు బిళ్లలు పంచేవాడు. జీతం తక్కువ. పై కులాల దెప్పిపొడుపులు ఎక్కువ. ఆయన భార్య ఆడవాళ్లను పోగుచేసి పాటలు నేర్పేది. తెలంగాణ పల్లెల్లో దళిత పిల్లలకు మొదటి పలక పట్టించిన చేతుల్లో ఈ ఉపదేశుల చేతులు ముందుంటాయి. మెదక్ చర్చికి పునాది రాళ్లు అంటే వీళ్లనే చెప్పాలి.

వెస్లీ పెన్నీకి ఇక్కడ ఒక తోబుట్టువు దొరికింది. తెలుగు క్రైస్తవ ఇళ్లలో పిడికెడు బియ్యం అనే అలవాటు ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం కొలిచేటప్పుడు ఇల్లాలు అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కన ఒక డబ్బాలోనో ముంతలోనో వేస్తుంది. వారానికి ఒకసారి ఆ బియ్యం గుడికి చేరుతుంది, దాన్ని అమ్మగా వచ్చిన డబ్బు సంఘం ఖర్చుకు పోతుంది. ఇంట్లో నలుగురికి సరిపడా లేని రోజున కూడా ఆ పిడికెడు ఆగదు. చేతిలో నగదు ఆడని మనుషులు, కూలిగా గింజలే తెచ్చుకునే ఆడవాళ్లు, గుడికి యజమానులు ఎలా అయ్యారో ఆ ముంత చెబుతుంది.

కరువులో లేచిన గోడలు

మెదక్ పేరు మెతుకు అనే మాట నుంచి వచ్చిందని చెబుతారు. కోట పేరు మెతుకుదుర్గం. గుల్షనాబాద్ అని కూడా పిలిచారు. ఆ పేరున్న ఊళ్లో మెతుకు దొరకని రోజుల్లో ఈ గుడి లేచింది.

పాస్నెట్ ఉండే బంగ్లా రెండంతస్తులు, ఆరాధన జరిగేది పెంకుటింట్లో. తన ఇల్లు దేవుడి ఇంటికంటే ఎత్తుగా ఉండడం ఆయన మనసుకు పట్టలేదని, గుడి ఆలోచన అలా పుట్టిందని మెదక్‌లో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. నిర్మాణం 1914లో మొదలైంది. అదే ఏడాది ఐరోపాలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1918లో దేశమంతటా వానలు ఎగ్గొట్టాయి, వాటి వెంటే ఇన్‌ఫ్లూయెంజా వచ్చి కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. తిండి కోసం చుట్టుపక్కల పల్లెల నుంచి జనం మెదక్ దారి పట్టారు. వాళ్లకు పనీ, పనికి బదులు తిండీ దొరికిన చోటు ఈ గుడి కడుతున్న జాగా. రాళ్లు మోశారు, సున్నం కలిపారు, మట్టి తవ్వారు. పదేళ్లు పని సాగింది. సుమారు 14 లక్షల రూపాయలు ఖర్చయిందని చెబుతారు.

కరువు పనిగా పెద్ద కట్టడం లేపడం మన దేశానికి కొత్త కాదు. 1784లో అవధ్ నవాబు ఆసఫుద్దౌలా లక్నోలో బడా ఇమాంబాడా కట్టించింది కూడా కరువులో జనానికి పని చూపడానికే. చెరువులు, రోడ్లు అలా వచ్చినవే ఎన్నో ఉన్నాయి. ఉచితంగా పెడితే తీసుకోవడానికి మనసొప్పని మనిషి కూడా పనిచేసి తింటాడు, అందులో ఆత్మగౌరవం ఉంది.

అయినా ఒక ప్రశ్నను దాటవేయలేం. ఆకలితో ఉన్న జనం మధ్య 14 లక్షలు రాళ్ల మీద పెట్టడం న్యాయమా? ఆ డబ్బుతో ఎన్ని బావులు, ఎన్ని బడులు వచ్చేవి? ప్రశ్న సరైనదే. మిషన్ ఆ పనులనూ వదల్లేదని జవాబుగా చెప్పవచ్చు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ ఇదే వెస్లియన్ మిషన్ తరఫున కుష్ఠు రోగుల ఆసుపత్రి నడిపారు. దానికి పెద్ద విరాళం ఇచ్చినవాడు రాజా నర్సాగౌడ్ అనే హిందువు. అయితే ఈ జవాబు కంటే బలమైన మాట ఇంకోటి ఉంది. ఊరి గుడి గడప తొక్కనివ్వని మనుషులకు తల వంచకుండా నడిచి వెళ్లేంత పెద్ద ద్వారం ఉన్న గుడి దొరకడం విలాసం కాదు. జమీందారు గడీకంటే ఎత్తయిన ఒక ఇంటిని చూపించి ఇది మాది అని చెప్పగలగడం వాళ్ల జీవితాల్లో అదే మొదటిసారి.

బియ్యం కోసం మతం మారారన్న నింద కూడా అప్పటి నుంచీ ఉంది. ఆకలి వాళ్లను మిషన్ గుమ్మం దాకా తెచ్చిన మాట నిజమే. కానీ కరువు వెళ్లిపోయాక, తిండి పంచడం ఆగిపోయాక కూడా వాళ్లు వెళ్లిపోలేదు. పైగా బియ్యం తీసుకున్న చేతులే పిడికెడు చొప్పున బియ్యం తిరిగి ఇచ్చాయి. దశాబ్దాల తరబడి.

కట్టడం విషయానికి వస్తే, డిజైన్ ఇంగ్లండ్‌లోని బోల్టన్‌కు చెందిన బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ సంస్థది. శైలి గోథిక్: కోసుగా పైకి లేచే తోరణాలు, సన్నని పొడవాటి కిటికీలు, చూపును పైకి లాగే స్తంభాలు. రాయి మాత్రం మన నేల గ్రానైట్. ఇంగ్లండ్ గోథిక్ చర్చీలు చాలా వరకు మెత్తటి సున్నపురాయితోనో ఇసుకరాయితోనో కట్టినవి, దాన్ని లతల్లా చెక్కవచ్చు. దక్కన్ గ్రానైట్ అంత సులువుగా లొంగదు. అందుకేనేమో మెదక్ గుడిలో సన్నటి నగిషీ కంటే రాతి బరువు, కొలతల నిబ్బరం ఎక్కువగా కనిపిస్తాయి. నేల మీద పరిచిన రంగు పలకలు బ్రిటన్ నుంచి వచ్చాయి, వాటిని పరిచింది ఇటలీ మేస్త్రీలు. చెప్పులు విడిచి ఆ నేల మీద కాలు పెడితే మండు వేసవి మధ్యాహ్నంలో కూడా చల్లగా తగులుతుంది.

అందరూ చూసే మూడు రంగుటద్దాల కిటికీలు గుడితో పాటు వచ్చినవి కావు. ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన డిజైన్లవి. ఆయన కూడా మెథడిస్టే. బలిపీఠం వెనకున్న ఆరోహణ కిటికీ 1927లో, క్రీస్తు జననం కిటికీ 1947లో, సిలువ కిటికీ 1958లో వచ్చాయి. ఒక్కో ముక్కకు రంగు పట్టించిన గాజును సీసం పట్టీలతో కలిపి అమర్చుతారు. వెలుగు బయటి నుంచి గాజు గుండా లోపలికి వస్తేనే బొమ్మ కనిపిస్తుంది. సూర్యుడు అస్తమించాక బొమ్మ మాయమవుతుందని అక్కడ ఒక మహిమలా చెబుతుంటారు. అందులో మర్మం ఏమీ లేదు, బయట వెలుగు పోయింది అంతే. కానీ పొద్దు వాలుతున్న వేళ చూస్తుండగానే ఎరుపు ముందుగా నల్లబడడం, నీలం కాసేపు నిలిచి ఆ తర్వాత ఆరిపోవడం ఎన్నిసార్లు చూసినా తనివి తీరని దృశ్యం.

ఇలాంటి చోటు చుట్టూ కథలు అల్లుకోవడం సహజం. చార్మినార్ కంటే ఎత్తా తక్కువా అన్న వాదన వాటిలో ఒకటి. చార్మినార్ ఎత్తే ఒక పుస్తకంలో 160 అడుగులు, ఇంకో పుస్తకంలో 184 అడుగులు అని ఉంటుంది, కాబట్టి ఎవరి లెక్క వాళ్లదే. వాటికన్ తర్వాత ప్రపంచంలో రెండో పెద్ద డయాసిస్ (ఒక బిషప్ పాలన కింద ఉండే ప్రాంతం) అన్న మాట ఇంకా గట్టిగా వినిపిస్తుంది. అది నిలబడే పోలిక కాదు. వాటికన్ రోమన్ కాథలిక్కుల కేంద్రం, అర చదరపు కిలోమీటరు కూడా లేని చిన్న దేశం. మెదక్‌ది ప్రొటెస్టెంట్ డయాసిస్. రెండింటినీ ఒకే తక్కెడలో తూయలేం. మెదక్‌కు ఆ పోలిక అవసరం కూడా లేదు.

సరిపోల్చదగ్గ గుడి తెలంగాణలోనే ఉంది. డోర్నకల్‌లో ఆంగ్లికన్ (చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ సంప్రదాయానికి చెందిన) బిషప్ వి.ఎస్. అజరయ్య కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్ 1939 జనవరిలో ప్రతిష్ఠ జరుపుకుంది. దాని స్తంభాల్లో హిందూ దేవాలయం కనిపిస్తుంది, తోరణాల్లో, గుమ్మటాల్లో మసీదు కనిపిస్తుంది. క్రీస్తు ఈ నేల మీద పరాయివాడు కాదని చెప్పాలన్నది అజరయ్య పట్టుదల. మెదక్ గుడిలో ఆ ప్రయత్నం లేదు. అది ఇంగ్లండ్‌ను తెచ్చి తెలంగాణ రాతిలో నిలబెట్టింది. ఈ తేడా కళకు సంబంధించింది మాత్రమే కాదు. డోర్నకల్‌కు 1912లోనే భారతీయుడు బిషప్ అయ్యాడు. మెదక్ వెస్లియన్ మిషన్‌లో చాలా కాలం పగ్గాలు దొరల చేతుల్లోనే ఉన్నాయి. ఉపదేశులు లేకపోతే ఒక్క రోజు కూడా నడవని సంఘంలో వాళ్లు బంగ్లా వరండాలో నిలబడే మాట్లాడేవారు. పాస్నెట్ మీద ఎంత గౌరవం ఉన్నా ఈ లోటును దాచిపెట్టడం చరిత్రకు న్యాయం కాదు.

పేరు పోయింది, పద్ధతి మిగిలింది

1932లో బ్రిటన్‌లోనే వెస్లియన్, ప్రిమిటివ్, యునైటెడ్ మెథడిస్టులు ఒక్కటయ్యారు. దక్షిణ భారతంలో జరిగిన కలయిక అంతకంటే పెద్దది. 1919లో తరంగంబాడిలో మొదలైన చర్చలు 28 ఏళ్లు సాగాయి. ఆంగ్లికన్లకు బిషప్ లేకుండా సంఘం ఊహకు అందదు. మెథడిస్టులకు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటీరియన్ సంఘాలకు బిషప్ లేకుండానే అన్నీ నడిచాయి. చివరికి బిషప్ ఉంటాడు, కానీ సంఘంతో కలిసి పాలిస్తాడు అన్న ఒప్పందం కుదిరింది. ఇందుకోసం కష్టపడిన అజరయ్య 1945 జనవరి 1న చనిపోయాడు, ఆ రోజు చూడలేకపోయాడు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్ఐ, పుట్టింది.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఆరు వారాలే. మెదక్ ఇంకా భారతదేశంలో లేదు. నిజాం రాజ్యం భారత యూనియన్‌లో చేరింది 1948 సెప్టెంబర్‌లో. రజాకార్ల భయంతో పల్లెలు వణుకుతున్న ఆ ఏడాదే మెదక్ డయాసిస్ మొదటి అడుగులు వేసింది. మొదటి బిషప్ ఫ్రాంక్ విటకర్, ఆయన కూడా ఆంగ్లేయుడే. అలా మెదక్ మెథడిస్టు గుడిలోకి బిషప్ కుర్చీ వచ్చింది. అమెరికన్ మెథడిస్టులు ఈ కలయికలో చేరలేదు. వాళ్లది 1981లో మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియాగా స్వతంత్ర సంఘం అయింది.

పేరు మారినా లోపలి అలవాట్లు మారలేదు. సీఎస్ఐ గుళ్లలో కొత్త ఏడాది మొదటి ఆదివారం నిబంధన ఆరాధన జరుగుతుంది. తమ జీవితాన్ని దేవుడి చేతికి మళ్లీ అప్పగిస్తూ సంఘమంతా ఒక్క గొంతుతో చెప్పే ఆ ఒప్పందం వెస్లీ 1755లో మొదలుపెట్టింది. ఇంకోటి తెలుగువాళ్లందరికీ తెలిసినది: డిసెంబర్ 31 అర్ధరాత్రి ప్రార్థన. వాచ్ నైట్ అని పల్లెటూరి అవ్వలు కూడా పిలిచే ఆ ఆరాధన 1740 ప్రాంతంలో కింగ్స్‌వుడ్ బొగ్గు కూలీల దగ్గర మొదలైంది. సారా దుకాణంలో గడిపే శనివారం రాత్రిని వాళ్లు ప్రార్థనకు మార్చుకున్నారు. వెస్లీ దాన్ని మెచ్చుకుని మిగతా ఊళ్లకూ పట్టుకెళ్లాడు. ఈ రోజు మెథడిస్టు అన్న మాటే వినని తెలుగు సంఘాలు కూడా ఆ రాత్రి దీపాలు ఆర్పకుండా కూర్చుంటాయి.

ఈ గుడి మనుషుల బతుకులో మాత్రం 1950 ఇంకో గీత గీసింది. షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు హిందువులకు మాత్రమే ఆ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు, క్రైస్తవులకు లేదు. తెలుగు రాష్ట్రాల్లో దళిత క్రైస్తవులు బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టుకోవాలి. ఒకే వాడ, ఒకే కూలి, ఒకే అవమానం, కానీ సర్టిఫికెట్ వేరు. అందుకే ఎన్నో ఇళ్లలో బడిలో ఒక పేరు, బాప్తిస్మంలో ఇంకో పేరు. దీన్ని మోసంగా చూసేవాళ్లు ఆ ఇళ్ల గడప ఒక్కసారి కూడా తొక్కి ఉండరు. అంటరానితనం బాప్తిస్మం నీళ్లతో కడుక్కుపోలేదని ఊరంతటికీ తెలుసు. కాగితానికే తెలియదు.

2024 డిసెంబర్ 25న గుడికి నూరేళ్లు నిండాయి. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆ రోజు ముందు ఏడుపాయల వనదుర్గమ్మ దగ్గరికి, తర్వాత చర్చికి వచ్చారు. ఆ రెండు చోట్లకూ ఒకే రోజు వెళ్లిరావడం ఆ ప్రాంతం మనుషులకు వింతేం కాదు, మెదక్ వచ్చేవాళ్లలో చాలామంది చేసేది అదే. క్రిస్మస్ నాడు తెల్లవారుజామున నాలుగు గంటలకే మొదటి ఆరాధన మొదలవుతుంది. ముందురోజు రాత్రే వచ్చి చెట్ల కింద దుప్పట్లు పరుచుకుని పడుకున్న కుటుంబాలు గంట మోగగానే లేచి, పిల్లల మొహాలు కడిగి, చలికి వణుకుతూ లోపలికి నడుస్తాయి. వాళ్లలో క్రైస్తవులు ఉంటారు, మొక్కు తీర్చుకునే హిందువులు, ముస్లింలు కూడా ఉంటారు.

పండగ అయిపోయాక వచ్చే మామూలు ఆదివారాలు మాత్రం పల్లె గుళ్లవి. ఒక పాస్టరయ్య కింద ఇప్పటికీ నాలుగైదు ఊళ్లు ఉంటాయి. గుర్రం పోయి బైక్ వచ్చింది. ఆయన ఒక ఊళ్లో ప్రభువు భోజనం ఇచ్చి ఇంకో ఊరికి చేరేసరికి ఎండ నెత్తికెక్కుతుంది. ఆయన కోసం ఎదురుచూస్తూ ఎవరూ ఖాళీగా కూర్చోరు. పొలం పనికి పోయే ఒక పెద్దమనిషి ముందుకొచ్చి వాక్యం చదువుతాడు, వెనక నుంచి ఆడవాళ్లు కీర్తన ఎత్తుకుంటారు, డప్పు అందుకుంటుంది. బల్ల దగ్గర కానుకల పళ్లెం పక్కనే వారమంతా పోగైన బియ్యం ఉంటుంది.